ఒకరి రిక్వెస్ట్, అందరికీ విషం: వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో క్యాష్ పాయిజనింగ్ ఎలా పుడుతుంది?

క్లుప్తంగా: క్యాష్ పాయిజనింగ్ జరగాలంటే ఎవరూ సర్వర్‌లోకి చొరబడనక్కర్లేదు, పాస్‌వర్డ్ దొంగిలించనక్కర్లేదు. మామూలు గెట్ రిక్వెస్ట్‌కి ఒక అదనపు హెడరో (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చిన్న సమాచార వరుస), యూఆర్‌ఎల్ చివర ఒక పారామీటరో తగిలించి పంపితే సరిపోతుంది. దానికి వచ్చిన తేడా జవాబును క్యాష్, అంటే జవాబుల కాపీలు ఉంచుకుని వేగంగా అందించే పొర, దాచుకుని, తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే అందిస్తుంది. జవాబును మార్చే అంశాలు ఏవి అన్న విషయంలో క్యాష్‌ది ఒక లెక్క, ఫ్రేమ్‌వర్క్‌ది (వెబ్ యాప్ కట్టడానికి వాడే కోడ్ పునాది) మరో లెక్క కావడమే దీనికి మూలం. నెక్స్ట్.జేఎస్, నక్స్ట్, రియాక్ట్ రూటర్ అనే ఫ్రేమ్‌వర్క్‌లలో 2024, 2025 సంవత్సరాల్లో బయటపడ్డ లోపాలు కూడా ఈ కోవలోవే. వెర్షన్ మార్చడం తప్పనిసరి, కానీ అదొక్కటే చాలదు. యాప్ ముందున్న సీడీఎన్ (పేజీల కాపీలను పలుచోట్ల ఉంచి అందించే సర్వర్ల వల), ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) అమరికలనూ సరిచూసుకోవాలి.

కీలో ఏముంది, ఏం లేదు

బ్రౌజర్ పంపే ఒక రిక్వెస్ట్‌లో యూఆర్‌ఎల్‌తో పాటు పది పదిహేను హెడర్లు, కుకీలు ఉంటాయి. ఇవన్నీ అక్షరం అక్షరం సరిపోలితేనే పాత జవాబు ఇస్తానని క్యాష్ పట్టుబడితే, ఏ ఇద్దరు సందర్శకులకూ ఒకే కాపీ పనికిరాదు. అందుకే క్యాష్ కొన్ని భాగాలను మాత్రమే తీసుకుని ఒక కీ తయారు చేసుకుంటుంది. ఆ కీ కలిస్తే నిల్వలో ఉన్న జవాబు ఇచ్చేస్తుంది. వార్నిష్ అనే క్యాష్ సాఫ్ట్‌వేర్ మామూలు అమరికలో ఈ కీ అంటే యూఆర్‌ఎల్, ఏ డొమైన్ కావాలో చెప్పే హోస్ట్ హెడర్. ప్రాక్సీగానూ పనిచేసే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌లో స్కీమ్ (హెచ్‌టీటీపీయా, హెచ్‌టీటీపీఎస్సా), ప్రాక్సీ హోస్ట్, రిక్వెస్ట్ యూఆర్‌ఐ (దారి, క్వెరీ భాగం).

ఇంజిన్‌ఎక్స్ కీని కాస్త నిదానంగా చూడాలి. అందులోని ప్రాక్సీ హోస్ట్ అంటే సందర్శకుడు పంపిన హోస్ట్ కాదు, ప్రాక్సీ పాస్ వరుసలో రాసుకున్న వెనుక సర్వర్ పేరు. చాలామంది ఆ కీని అలాగే వదిలేసి, సందర్శకుడి హోస్ట్ హెడర్‌ను మాత్రం వెనుక ఉన్న యాప్‌కి పంపే వరుస చేరుస్తారు. ఆ క్షణం నుంచి హోస్ట్ కీలో లేదు, కానీ యాప్‌కి చేరుతోంది. తెలియని హోస్ట్‌తో వచ్చిన రిక్వెస్ట్‌లను డిఫాల్ట్ సర్వర్ బ్లాకే అందుకునే చోట, ఎవరైనా తమ డొమైన్ పేరును హోస్ట్‌గా పెట్టి హోమ్ పేజీ అడగవచ్చు. యాప్ దాన్ని నమ్మి లింకులు తయారు చేస్తే, ఆ లింకులున్న పేజీయే అసలు సందర్శకులకూ వెళుతుంది.

కీలో లేకుండా జవాబును మార్చగలిగే ఇలాంటి భాగాలే ఈ దాడికి ముడిసరుకు. వెబ్ భద్రతా సంస్థ పోర్ట్‌స్విగర్ పరిశోధకుడు జేమ్స్ కెటిల్ 2018లో, మళ్లీ 2020లో ప్రచురించిన పరిశోధనలు వీటిని వెతికి పట్టుకునే పద్ధతిని స్థిరపరిచాయి. అంతకు ముందు దీన్ని పుస్తకాల్లో ఉండే ప్రమాదంగా చూసినవారే ఎక్కువ.

పర్యవసానం మూడు రకాలుగా ఉంటుంది. పేజీలో హ్యాకర్ స్క్రిప్ట్ నిలిచిపోవడం మొదటిది. పేజీలోకి పరాయి స్క్రిప్ట్ చొప్పించే మామూలు ప్రతిబింబ ఎక్స్‌ఎస్‌ఎస్ దాడిలో బాధితుడి చేత ఒక లింకు నొక్కించాలి, ఇక్కడ ఆ అవసరం లేదు, సైట్‌కి వస్తే చాలు. పేజీ వేరే చోటికి దారి మళ్లడం రెండోది. పేజీ బదులు ఎర్రరో, ఖాళీయో, అర్థం కాని డేటానో కనిపించడం మూడోది. ఫ్రేమ్‌వర్క్‌లలో ఇటీవల ఎక్కువగా కనిపిస్తున్నది ఈ మూడోదే.

అడిగితే చాలు నమ్మే హెడర్లు

ప్రాక్సీ వెనుక నడిచే యాప్‌కి, సందర్శకుడు అసలు ఏ డొమైన్‌కి వచ్చాడో ప్రాక్సీ చెప్పాలి. అందుకు పుట్టిందే ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ హెడర్. ప్రాక్సీ పెట్టాల్సిన ఈ హెడర్‌ను సందర్శకుడే పెట్టి పంపినా, మధ్యలో ఎవరూ తీసేయకపోతే యాప్‌కి తేడా తెలియదు. ఫ్రేమ్‌వర్క్ దాన్ని చూసి కెనానికల్ లింకు (పేజీ అసలు చిరునామా), స్క్రిప్ట్ ఫైళ్ల చిరునామా, రీడైరెక్ట్ గమ్యం కట్టేస్తుంది.

పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఈ సమస్య 2011లోనే, భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో, సీవీఈ-2011-4139గా నమోదైంది. దానికి విరుగుడుగా 1.3.1 వెర్షన్‌లో ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌ను వాడటం డిఫాల్ట్‌గా ఆపేసి, కావాలనుకున్నవారు విడిగా ఆన్ చేసుకునే సెట్టింగ్ పెట్టారు. అదీ చాలక 2013 ఫిబ్రవరిలో అనుమతించిన హోస్ట్‌ల జాబితా, అంటే అలౌడ్ హోస్ట్స్, వచ్చింది. ఇదే పని ఒక్కో ఫ్రేమ్‌వర్క్‌లో ఒక్కోలా ఉంది. ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ సెట్టింగ్‌ను ట్రూ అని పెడితే హోస్ట్ పేరును ఆ హెడర్ నుంచే తీసుకుంటుంది. రైల్స్ ఆ హెడర్‌ను డిఫాల్ట్‌గానే చదువుతుంది, ప్రొడక్షన్‌లో కాన్ఫిగ్ హోస్ట్స్ జాబితా నింపితేనే తనిఖీ జరుగుతుంది. లారావెల్‌లో నమ్మకమైన ప్రాక్సీల స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టడం ఇంటర్నెట్‌లో దొరికే ‘త్వరిత పరిష్కారం’. యాప్‌ని ఎవరైనా నేరుగా చేరగలిగే చోట ఆ గుర్తుకు అర్థం ప్రపంచంలో అందర్నీ ప్రాక్సీగా నమ్మడమే.

హోస్ట్ కన్నా ప్రమాదకరమైనది దారిని మార్చే హెడర్. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ సింఫనీలోని హెచ్‌టీటీపీ ఫౌండేషన్ భాగంలో, మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్ పాత అలవాటు కోసం ఎక్స్-ఒరిజినల్-యూఆర్‌ఎల్, ఎక్స్-రీరైట్-యూఆర్‌ఎల్ అనే రెండు హెడర్లకు మద్దతు ఉండేది. బయటికి ఒక పేజీ అడుగుతూ, హెడర్‌లో మరో పేజీ దారి రాస్తే ఫ్రేమ్‌వర్క్ రెండోదాన్నే తెచ్చి ఇచ్చేది. క్యాష్ మాత్రం దాన్ని మొదటి పేజీ పేరుతో దాచేది. 2018 ఆగస్టులో సీవీఈ-2018-14773గా ప్రకటించి ఈ మద్దతునే తొలగించారు. ఆ కోడ్‌పై ఆధారపడిన సైట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ డ్రూపల్ 8 కూడా అప్పుడే 8.5.6 విడుదల చేయాల్సి వచ్చింది. ఐఐఎస్ ఎన్నడూ వాడని లక్షల సైట్లు ఐఐఎస్ కోసం రాసిన నాలుగు వరుసల వల్ల ప్రమాదంలో పడ్డాయి. వాడని సౌలభ్యాన్ని ఆన్‌లో ఉంచడం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు.

సెమీకోలన్ దగ్గర విడిపోయిన లెక్క

కొన్నిసార్లు హెడర్ కూడా అక్కర్లేదు. యూఆర్‌ఎల్‌నే రెండు పొరలు రెండు రకాలుగా చదువుతాయి. ప్రకటనల లెక్క కోసం తగిలించే యూటీఎం పారామీటర్లు పేజీని మార్చవు కాబట్టి, వాటిని కీ నుంచి తీసేయమని క్యాష్‌కి చెప్పడం సాధారణం. ఇప్పుడు ఒక వెతుకులాట పేజీకి ఇలా రిక్వెస్ట్ వచ్చిందనుకుందాం: క్యూ=గణితం&యూటీఎం_కంటెంట్=1;క్యూ=మోసం. క్యాష్ ఆంపర్‌శాండ్ (&) దగ్గర మాత్రమే విడగొడుతుంది. దానికి యూటీఎం కంటెంట్ విలువ ‘1;క్యూ=మోసం’ మొత్తం. దాన్ని పక్కన పెట్టి, కీలో ‘క్యూ=గణితం’ రాసుకుంటుంది. సెమీకోలన్ దగ్గర కూడా విడగొట్టే ఫ్రేమ్‌వర్క్‌కి మాత్రం క్యూ రెండుసార్లు కనిపిస్తుంది. రెండింటిలో చివరిది తీసుకునే అలవాటు ఉంటే జవాబు ‘మోసం’ది. గణితం వెతికిన ప్రతివారికీ ఆ ఫలితమే.

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలోనే ఈ అలవాటు ఉండేది. సీవీఈ-2021-23336గా నమోదయ్యాక 3.9.2, 3.8.8 వంటి వెర్షన్లలో విడగొట్టే గుర్తుగా ఆంపర్‌శాండ్ ఒక్కటే డిఫాల్ట్ అయింది. జాంగో తన దగ్గర పెట్టుకున్న ఆ కోడ్ కాపీని 2021 ఫిబ్రవరిలో 2.2.19, 3.0.13, 3.1.7 వెర్షన్లతో సరిచేసింది. ఇతర పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లైన బాటిల్, టొర్నాడోలకూ విడిగా సీవీఈలు వచ్చాయి. నిజానికి ఇందులో క్యాష్ తప్పూ లేదు, పైథాన్ తప్పూ లేదు. సెమీకోలన్‌తో విడగొట్టవచ్చని పాత హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే సూచించింది. ఎవరికి వారు సరిగ్గా ఉన్న రెండు భాగాలను కలిపినప్పుడు పుట్టిన లోపం ఇది. విడివిడిగా పరీక్షిస్తే ఎన్నటికీ కనిపించదు.

ఒకే యూఆర్‌ఎల్, రెండు రూపాలు

ఇప్పటి ఫ్రేమ్‌వర్క్‌లలో సమస్య ఇంకో మెట్టు ఎక్కింది. నెక్స్ట్.జేఎస్, నక్స్ట్, రియాక్ట్ రూటర్ లాంటివి మొదటిసారి పేజీ తెరిస్తే పూర్తి హెచ్‌టీఎంఎల్ ఇస్తాయి. ఆ తర్వాత లోపలి లింకు నొక్కితే, పేజీ అంతా మళ్లీ తెప్పించకుండా డేటా మాత్రమే తెచ్చుకుంటాయి. అంటే ఒకే పేజీకి హెచ్‌టీఎంఎల్ రూపం ఒకటి, డేటా రూపం మరొకటి. ఏది కావాలో చెప్పడానికి ఫ్రేమ్‌వర్క్ తనకు మాత్రమే తెలిసిన హెడర్లనూ పారామీటర్లనూ వాడుకుంటుంది. ముందున్న సీడీఎన్‌కి వాటి సంగతి తెలియదు. రెండు రూపాలూ ఒకే కీ కింద చేరే వీలుంటే, ముందు ఏది అడిగితే అదే నిలుస్తుంది.

నక్స్ట్‌లో వచ్చిన సీవీఈ-2025-27415 దీనికి అతి సరళమైన రూపం. డేటా ఫైల్ పేరు, అంటే పేలోడ్.జేసన్, రిక్వెస్ట్‌లో ఉందా అని చూసే తనిఖీ, యూఆర్‌ఎల్ దారి భాగాన్ని మాత్రమే కాక ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్నీ కలిపి చూసేది. దాంతో హోమ్ పేజీ చిరునామాకి ప్రశ్నార్థకం పెట్టి, దాని వెనుక ఆ ఫైల్ పేరు రాస్తే హెచ్‌టీఎంఎల్ బదులు జేసన్ వచ్చేది. క్వెరీ భాగాన్ని కీలో లెక్కపెట్టని సీడీఎన్ దాన్ని హోమ్ పేజీగా దాచుకుంటే సందర్శకులకు తెర మీద కనిపించేది ముడి డేటా. 3.16.0 వెర్షన్‌లో సరిచేశారు.

నెక్స్ట్.జేఎస్ సీవీఈ-2024-46982 మరింత లోతైనది. నెక్స్ట్ పాత పేజీల పద్ధతి అయిన పేజెస్ రూటర్‌లో, సర్వర్ వైపు ప్రతి రిక్వెస్ట్‌కీ తయారయ్యే, చిరునామాలో మారే భాగం లేని పేజీలు దీని బారిన పడ్డాయి. ఉదాహరణకు డ్యాష్‌బోర్డ్ లాంటి ఒకే స్థిరమైన దారి ఉన్న పేజీ. అలాంటి పేజీని ఫ్రేమ్‌వర్క్ ఎన్నడూ నిల్వ చేయకూడదు. కానీ లోపలి వాడకానికి ఉద్దేశించిన ఒక హెడర్‌ను బయటి నుంచి పంపితే, అది ముందే తయారైన స్థిర పేజీ అనుకుని నిల్వ చేయడమే కాక, సీడీఎన్‌లను కూడా నిల్వ చేసుకోమంటూ ఎస్-మ్యాక్స్ఏజ్=1, స్టేల్-వైల్-రీవ్యాలిడేట్ అనే ఆదేశం పంపేది. ఒక్క సెకనే కదా అనిపిస్తుంది. అయితే రెండో ఆదేశానికి అర్థం, గడువు తీరిన కాపీని ఇస్తూనే వెనుక కొత్తది తెచ్చుకోమని. పంపేవాడు అదే రిక్వెస్ట్‌ను పదే పదే పంపుతుంటే ఆ సెకను ఎప్పటికీ పూర్తికాదు. 13.5.1 నుంచి 13.5.6 వరకు, 14.0.0 నుంచి 14.2.9 వరకు ఉన్న వెర్షన్లు దీనికి గురయ్యాయి. 13.5.7, 14.2.10లలో సవరణ వచ్చింది. నెక్స్ట్ తయారీ సంస్థ వర్సెల్ హోస్టింగ్‌లో నడిచే సైట్లకు ఈ బెడద లేదు, సొంత సర్వర్లలో నడుపుకునేవారికే.

ఆ తర్వాత నెక్స్ట్ కొత్త పద్ధతి అయిన యాప్ రూటర్‌లోనూ ఇదే కథ. 15.3.0 నుంచి 15.3.2 దాకా ఉన్న వెర్షన్లలో, కొన్ని పరిస్థితుల్లో హెచ్‌టీఎంఎల్ అడిగినవారికి సర్వర్ కాంపోనెంట్ల డేటా చేరింది. అది సీవీఈ-2025-49005. రెండు రూపాలనూ కీలో వేరుచేయని సీడీఎన్‌ల వెనుక అది క్యాష్ పాయిజనింగ్‌గా మారింది. నెక్స్ట్ సొంత క్లయింట్ కోడ్, డేటా అడిగేటప్పుడు యూఆర్‌ఎల్‌కి ఒక ప్రత్యేక పారామీటర్ చేర్చి కీని వేరు చేస్తుంది. కానీ బయటి నుంచి రిక్వెస్ట్ రాసేవాడు ఆ మర్యాద పాటించాలన్న నియమం ఏదీ లేదు.

రియాక్ట్ రూటర్‌లో 2025 ఏప్రిల్‌లో ఒకేసారి రెండు బయటపడ్డాయి. ఎక్స్-రియాక్ట్-రూటర్-ఎస్‌పీఏ-మోడ్ అనే హెడర్ పంపితే సర్వర్ రెండరింగ్ యాప్ బలవంతంగా సింగిల్ పేజీ పద్ధతిలోకి మారి ఎర్రర్ పేజీ ఇచ్చేది (సీవీఈ-2025-43864). మరో హెడర్‌తో ముందే తయారుచేసిన డేటా స్థానంలో పంపినవాడి డేటాను పెట్టించవచ్చు (సీవీఈ-2025-43865). ఈ రెండోది మరీ తీవ్రం, ఎందుకంటే పేజీలోని విలువలనే మార్చవచ్చు. రెండూ 7.5.2లో మూతపడ్డాయి.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక పోలిక కనిపిస్తుంది. ఫ్రేమ్‌వర్క్ తన ఒక భాగం నుంచి మరో భాగానికి పంపుకునే సంకేతాన్ని, బయటివారు కూడా పంపగలిగే హెడర్ రూపంలో పెట్టింది. పేజీకి ముందు నడిచే నెక్స్ట్ మిడిల్‌వేర్ తనిఖీని దాటవేయనిచ్చిన సీవీఈ-2025-29927కి క్యాష్‌తో నేరుగా సంబంధం లేకపోయినా, పుట్టుక ఇదే. హెడర్ పేరు ఎవరికీ తెలియదన్న ధీమా ఓపెన్ సోర్స్ కోడ్‌లో నిలవదు.

ఎర్రర్‌ను కూడా దాచుకుంటే

హ్యాకర్‌కి పేజీలో ఏమీ చొప్పించే వీలు లేకపోయినా, పేజీని మాయం చేయవచ్చు. 2019లో జర్మనీ పరిశోధకులు సీపీడాస్ (క్యాష్‌ను విషపూరితం చేసి సేవను ఆపేయడం) పేరుతో వివరించిన దాడి ఇది. హెడర్ల పరిమాణంపై ప్రతి పొరకూ ఒక హద్దు ఉంటుంది. అపాచీలో ఒక్కో హెడర్‌కి డిఫాల్ట్ హద్దు 8,190 బైట్లు. అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్ 20,480 బైట్ల వరకు అనుమతించేది. ఈ రెంటికీ మధ్యలో, అంటే 10 వేల బైట్ల హెడర్ ఒకటి పంపితే ముందున్న క్యాష్ దాన్ని దాటనిస్తుంది, వెనుక సర్వర్ 400 ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. ఆ ఎర్రర్‌ను క్యాష్ దాచుకుంటే అందరికీ అదే పేజీ.

ఇదే పనిని, రిక్వెస్ట్ రకాన్ని మార్చి చూపే మెథడ్ ఓవర్‌రైడ్ హెడర్ ఇంకో దారిలో చేస్తుంది. క్యాష్‌కి అది గెట్, దాన్ని గౌరవించే ఫ్రేమ్‌వర్క్‌కి డిలీట్. వచ్చే 404 లేదా 405 జవాబును హెచ్‌టీటీపీ క్యాషింగ్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9111 చూపే తీరులో నిల్వ చేసుకోవచ్చు కూడా. నెక్స్ట్ 15.1.0 నుంచి 15.1.7 వరకు ఉన్న సీవీఈ-2025-49826లో అయితే కొన్ని పరిస్థితుల్లో 204, అంటే ఖాళీ జవాబు, స్థిర పేజీల స్థానంలో నిలిచిపోయేది.

ఇంజిన్‌ఎక్స్ వాడేవారు ఒక వరుస తప్పక చూసుకోవాలి. ప్రాక్సీ క్యాష్ వ్యాలిడ్ దగ్గర సమయం మాత్రమే రాస్తే 200, 301, 302 జవాబులకే అది వర్తిస్తుంది. ‘ఎనీ’ అని రాస్తే ఎర్రర్లన్నీ చేరతాయి.

క్యాష్ పాయిజనింగ్‌ను క్యాష్ డిసెప్షన్ అనే మరో దాడితో కలిపి గందరగోళ పడటం మామూలే. ఒమర్ గిల్ 2017లో వివరించిన డిసెప్షన్‌లో దిశ తిరగబడుతుంది. అక్కడ బాధితుడి సొంత పేజీని స్టైల్.సీఎస్ఎస్ లాంటి తోకతో క్యాష్‌లో పడేలా చేసి, హ్యాకర్ వచ్చి దాన్ని చదువుకుంటాడు. పాయిజనింగ్‌లో హ్యాకర్ పెట్టినది బాధితుడు చదువుతాడు.

సొంత సైట్‌ను పరీక్షించే క్రమం

పరీక్షే ప్రమాదంగా మారకుండా చూడటం మొదటి షరతు. ప్రతి పరీక్ష రిక్వెస్ట్‌కీ ఎవరూ వాడని పేరుతో ఒక క్వెరీ పారామీటర్, యాదృచ్ఛిక విలువతో చేర్చాలి. అది కీలో భాగం కాబట్టి నిజమైన సందర్శకులకు ఆ కాపీ చేరదు. అయితే నిజంగా కీలో ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. విలువ మార్చి రెండుసార్లు అడిగినప్పుడు రెండోసారి కూడా క్యాష్ హిట్ వస్తే, ఆ పారామీటర్‌ను కీ పట్టించుకోవడం లేదన్నమాట. అప్పుడు ప్రొడక్షన్ మీద పరీక్ష ఆపి, పరీక్షల కోసం ఉంచే నకలు సైట్‌కి, అంటే స్టేజింగ్‌కి మారాలి.

హిట్, మిస్ తెలుసుకోవడానికి జవాబులోని ఏజ్ హెడర్, ఎక్స్-క్యాష్, లేదా ఆర్‌ఎఫ్‌సీ 9211 ప్రకారం వచ్చే క్యాష్-స్టేటస్ హెడర్ చూడాలి. తర్వాత ఒక్కో అనుమానిత హెడర్‌నూ సులభంగా గుర్తుపట్టే విలువతో పంపాలి. ఆ విలువ పేజీలో, లొకేషన్ హెడర్‌లో, సెట్-కుకీలో ఎక్కడైనా కనిపించిందా? స్టేటస్ కోడ్, కంటెంట్-టైప్ మారాయా? మారితే, అదే యూఆర్‌ఎల్‌ను హెడర్ లేకుండా మళ్లీ అడగాలి. తేడా అలాగే ఉంటే పాయిజనింగ్ రుజువైనట్టే. ఎక్స్-ఫార్వర్డెడ్ కుటుంబంతో ఆగకుండా, వాడుతున్న ఫ్రేమ్‌వర్క్ సోర్స్ కోడ్‌లో హెడర్లు చదివే చోట్లన్నీ వెతికి ఆ పేర్లు జాబితాలో చేర్చాలి. భద్రతా పరీక్షల సాధనం బర్ప్ సూట్‌లోని పరామ్ మైనర్ పొడిగింపు ఈ ఊహించే పనిని తానే చేస్తుంది.

సీడీఎన్‌కి ప్రపంచమంతా కేంద్రాలుంటాయి, వాటిలో చాలావరకు ఎవరి నిల్వ వారిదే. ఒక ప్రాంతంలో విషం పడ్డ పేజీ మరో ప్రాంతం నుంచి చూస్తే బాగానే ఉంటుంది. ‘మా దగ్గర బాగానే కనిపిస్తోంది’ అని ఫిర్యాదును మూసేయకూడదన్నది అందుకే.

సవరణ ఎక్కడ చేయాలి

వేరీ హెడర్ పెడితే చాలన్నది ఎక్కువగా వినిపించే సలహా. జవాబు ఫలానా హెడర్ మీద ఆధారపడిందని చెప్పే ప్రామాణిక మార్గం అదే. ఇంజిన్‌ఎక్స్ 1.7.7 నుంచి దాన్ని పాటిస్తుంది కూడా. అయితే చాలా సీడీఎన్‌లు యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ తప్ప మిగతా వేరీ విలువలను పట్టించుకోవు. అందుకే ముందు సీడీఎన్ ఉన్న సైట్‌కి వేరీ ఒక్కటే రక్షణ అనుకోవడం పొరపాటు. రెండు రూపాలున్న పేజీలకు సీడీఎన్ కీలోనే ఆ హెడర్‌ను చేర్చాలి, లేదా డేటా రూపానికి వేరే యూఆర్‌ఎల్ ఉండాలి.

అంతకన్నా గట్టిది అంచు దగ్గరే వడకట్టడం. ఇంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ సెట్ హెడర్‌తో ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్‌కి మన సొంత విలువ పెడితే, బయటి నుంచి వచ్చినది చెరిగిపోతుంది. ఎక్స్-ఒరిజినల్-యూఆర్‌ఎల్ లాంటి వాటికి ఖాళీ విలువ ఇస్తే యాప్‌కి అసలు చేరవు. ఫ్రేమ్‌వర్క్ లోపలి హెడర్లన్నిటికీ ఇదే చేయాలి. ఇంజిన్‌ఎక్స్ కీలో ప్రాక్సీ హోస్ట్ బదులు సందర్శకుడి హోస్ట్ ఉంచాలి, తెలియని హోస్ట్‌లను డిఫాల్ట్ బ్లాక్‌లో తిరస్కరించాలి. పూర్తి చిరునామాలు కట్టే కోడ్, డొమైన్‌ను రిక్వెస్ట్ నుంచి కాక కాన్ఫిగరేషన్ నుంచి తీసుకోవాలి. ఎర్రర్ జవాబులకు నో-స్టోర్ తగిలించాలి. ‘అన్నీ క్యాష్ చేయి’ అన్న నియమం ఉన్న చోట, దాని బదులు క్యాష్ చేయదగ్గ దారుల జాబితా రాయాలి. ఫ్రేమ్‌వర్క్ జాగ్రత్తగా పంపిన ప్రైవేట్, నో-స్టోర్ ఆదేశాలను తొక్కేసేది సాధారణంగా ఆ నియమమే.

విషం ఇప్పటికే పడి ఉంటే, శుభ్రం చేసే వరుస ముఖ్యం. ముందు వెర్షన్ మార్చి, హెడర్ల వడపోత పెట్టాలి. తర్వాత యాప్ లోపలి క్యాష్, ఆపై ప్రాక్సీ, చివరికి సీడీఎన్. సీడీఎన్‌ను ముందే ఖాళీ చేస్తే, లోపల ఇంకా మిగిలిన చెడు కాపీతోనే అది మళ్లీ నిండుతుంది. ఇక బ్రౌజర్లలోకి చేరిన కాపీలను సర్వర్ వైపు నుంచి నేరుగా ఖాళీ చేసే దారి లేదు. అందుకే హెచ్‌టీఎంఎల్ పేజీలకు ఉమ్మడి క్యాష్ గడువును ఎస్-మ్యాక్స్ఏజ్‌తో విడిగా ఇచ్చి, బ్రౌజర్ గడువైన మ్యాక్స్-ఏజ్‌ను సున్నాగా ఉంచడం మొదటి నుంచీ పాటించాల్సిన పద్ధతి. అలా పెట్టుకోని సైట్లకు మిగిలేది, హెచ్‌టీటీపీఎస్ మీద క్లియర్-సైట్-డేటా హెడర్‌లో క్యాష్ అనే విలువ పంపడం. బ్రౌజర్ సొంత నిల్వ దాటి సర్వర్‌ను ఏదో ఒక చిరునామాకైనా అడిగినప్పుడే అది పని చేస్తుంది.